ముందు యాంగిల్ కాక్ తిరుగుతుందో లేదో చూడాలి: అద్దె ఫ్లాట్ రిపేర్లలో నా అనుభవం

అద్దె ఫ్లాట్‌లో దిగిన రోజు, సామాన్లు సర్దకముందే నేను చేసే పని ఒకటుంది. వాష్‌బేసిన్ కింద, సింక్ కింద, ఫ్లష్ ట్యాంక్ పక్కన, గీజర్ దగ్గర ఉన్న యాంగిల్ కాక్‌లన్నీ (ఆ ఒక్క చోటికి నీళ్లు ఆపే చిన్న వాల్వ్‌లు) ఒక్కొక్కటే కట్టి, మళ్లీ తెరిచి చూస్తాను. కొన్ని అసలు కదలవు. బిల్డింగ్ కట్టినప్పుడు ప్లంబర్ తెరిచి వదిలేశాక వాటిని ఎవరూ ముట్టుకుని ఉండరు. బోరు నీళ్లలోని ఉప్పు లోపల గారకట్టి బిగుసుకుపోతుంది. ఈ సంగతి నల్లా చేతికి ఊడి వచ్చి, నీళ్లు ఎగజిమ్ముతున్నప్పుడు తెలిస్తే నరకమే.

కదలని కాక్‌ని పానా పెట్టి బలంగా తిప్పకూడదు. చేత్తోనే కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి, వెంట్రుకవాసి కదిలినా చాలన్నట్టు ఆడిస్తూ పోవాలి. ఐదారు నిమిషాలకు ఉప్పు పొడై వదులుతుంది. మొరాయిస్తే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి గంట ఆగాలి. పాత రకం కాక్ ఏళ్ల తర్వాత తిరిగితే పిడి మొదట్లోంచి నీళ్లు చెమ్మగిల్లుతాయి. అక్కడ చిన్న నట్టు ఉంటుంది. దాన్ని పానాతో ఎనిమిదో వంతు చుట్టు బిగిస్తే ఆగుతుంది. ఎక్కువ బిగిస్తే కాక్ మళ్లీ తిరగదు. ఏం చేసినా కట్టుకోకపోతే ఆ ఫ్లాట్ లైన్‌కి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో తెలుసుకోవాలి. చాలా అపార్ట్‌మెంట్లలో అది టెర్రస్ మీద ట్యాంక్ దగ్గరో, పైపులు దిగే డక్ట్‌లోనో ఉంటుంది. ఏది ఎవరి ఫ్లాట్‌దో దాని మీద రాసి ఉండదు, వాచ్‌మన్‌కి మాత్రం తెలుస్తుంది. ఒకసారి చూపించమని, మన వాల్వ్‌కి రంగు తాడు ముడి వేసి వస్తే చాలు.

నల్లా కారడం అందరింట్లో ఉండేదే. సెకనుకి ఒక్క చుక్క చొప్పున పడితే రోజుకి 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటర్ అనుకున్నా రోజుకి నాలుగు లీటర్ల పైమాటే. అయితే అన్ని నల్లాల రిపేరూ ఒకటి కాదు. మూడు నాలుగు చుట్లు తిప్పితే గానీ కట్టుకోని పాత రకంలో అడుగున రబ్బరు వైసర్ ఉంటుంది, అరిగేది అదే. పావు చుట్టుకే కట్టుకునే కొత్త రకంలో రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. వాటి మధ్య ఇసుక రేణువో ఉప్పు పలుకో పడి గీత పెట్టిందంటే ఇక ఎంత గట్టిగా కట్టినా కారుతుంది. గట్టిగా తిప్పి తిప్పి పిడి విరగ్గొట్టుకునేవాళ్లే ఎక్కువ.

విప్పేముందు కాక్ కట్టి, నల్లా తెరిచి మిగిలిన నీళ్లు వదిలేయాలి. బేసిన్ రంధ్రం మీద గుడ్డ కప్పాలి. స్క్రూ అందులో పడితే బేసిన్ కింద సీసాలా ఉండే బాటిల్ ట్రాప్ విప్పాల్సి వస్తుంది. పిడి మీద ఎరుపో నీలమో చిన్న మూత ఉంటుంది. దాన్ని బ్లేడుతో లేపితే స్క్రూ కనిపిస్తుంది. స్క్రూ తీసినా పిడి రాకపోతే ఉప్పే పట్టి ఉంచిందన్నమాట. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచాలి. పిడి కింద నీళ్లు తెరిచి కట్టే ఇత్తడి భాగం, స్పిండిల్, ఉంటుంది. దాన్ని స్క్రూ పానాతో ఎడమవైపు తిప్పి తీస్తారు. ఇక్కడొక జాగ్రత్త ఉంది, తప్పితే ఖర్చు వేలల్లోకి పోతుంది. ఒక చేత్తో పానా తిప్పుతుంటే రెండో చేత్తో నల్లా ఒంటిని గుడ్డతో గట్టిగా పట్టుకోవాలి. పట్టుకోకపోతే స్పిండిల్ బదులు నల్లా మొత్తం గోడలో తిరుగుతుంది. గోడ లోపల సీపీవీసీ ఎల్బోలో (ప్లాస్టిక్ పైపు మలుపు ముక్కలో) ఉండే ఇత్తడి మర వదులైతే టైల్స్ పగలగొట్టడం తప్ప దారి లేదు.

ఊడిన స్పిండిల్‌ని జేబులో వేసుకుని షాపుకి వెళ్లాలి. ఫొటో పనికిరాదు. "హాఫ్ ఇంచ్ స్పిండిల్ ఇవ్వన్నా" అంటే కౌంటర్ మీద ఐదు రకాలు పరిచి "పళ్లెన్ని సార్?" అంటాడు. పిడి కూర్చునే చోట ఉండే పళ్ల సంఖ్య, కాడ పొడవు, తెరుచుకునే దిక్కు, మూడూ కలవాలి. వేడినీళ్ల వైపు, చన్నీళ్ల వైపు స్పిండిళ్లు ఎదురెదురు దిక్కుల్లో తిరిగే మోడళ్లు ఉన్నాయి. వీధి చివర దొరకకపోతే హైదరాబాద్‌లో కోఠి దగ్గరి ట్రూప్ బజార్లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో దొరుకుతుంది. పాత రకానికైతే వైసర్ ఒక్కటే కొంటే సరిపోతుంది. కానీ కొత్తది వేసే ముందు వేలు పెట్టి లోపలి గట్టు తడిమి చూడాలి. అక్కడ గుంటలు తగిలితే కొత్త వైసర్‌ని అవి కోసేస్తాయి, నెల తిరక్కుండా కారుతుంది. అప్పుడు నల్లానే మార్చాలి.

నల్లా మొత్తం మార్చేటప్పుడు పనంతా మర మీద నీళ్లు కారకుండా చుట్టే టెఫ్లాన్ టేపులో ఉంది. మర మన వైపు చూసేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు విప్పుకుని ముద్దగా బయటికొస్తుంది. మన దగ్గర దొరికే పల్చటి టేపుకి అరంగుళం మర మీద 12 నుంచి 15 చుట్లు పడతాయి. బిగించాక నల్లా మూతి కాస్త పక్కకి ఉంటే ముందుకే తిప్పి సరిచేయాలి. పావు చుట్టు వెనక్కి తిప్పినా టేపు తెగుతుంది. విప్పేసి కొత్త టేపుతో మళ్లీ మొదలెట్టడమే మంచిది. ఓపిక లేక వెనక్కి తిప్పిన ప్రతిసారీ నాకు మర్నాడు గోడ తడిసే కనిపించింది.

నీళ్ల ధార సన్నబడితే రిపేరు కాదు, కడుగుడే. మంజీరా, కృష్ణా నీళ్లు వచ్చే ఇంటికీ, బోరు మీద, ట్యాంకర్ మీద బతికే ఇంటికీ తేడా నల్లా మూతిలోని జాలీ చూస్తే తెలిసిపోతుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్‌గా మారి తెల్లగా పేరుకుంటాయి. ఆ జాలీని చేత్తో ఎడమవైపు తిప్పితే వస్తుంది. పానా వాడితే మధ్యలో గుడ్డ పెట్టాలి. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానబెడితే బుసబుసమంటూ కరుగుతుంది. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దడమే. షవర్‌కైతే పాలిథీన్ కవర్లో వెనిగర్ పోసి రబ్బర్ బ్యాండ్‌తో తల చుట్టూ కడతాను. గంటకు మించి ఉంచను, మెరుగు పోతుంది. వాషింగ్ మెషిన్ వెనక పైపు ఎక్కేచోట కూడా ఇలాంటి జాలీయే ఉంటుంది. మెషిన్‌లో నీళ్లు నిండటం లేదని మెకానిక్‌ని పిలిచే ముందు దాన్ని చూడాలి.

అదే నిమ్మ ఉప్పు నీళ్లు మార్బుల్ నేల మీద పడనివ్వకండి. మార్బుల్ కూడా కార్బొనేటే, గారని తిన్నట్టే రాయినీ తింటుంది. మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, అది డిపాజిట్‌లోంచి కోసుకుపోయే మచ్చ. ఇంకో మాట. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట ఏ యాసిడూ పోయకూడదు. విషపు క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

చుక్క శబ్దమైనా రాకుండా ఎక్కువ నీళ్లు తాగేసేది ఫ్లష్ ట్యాంక్. రాత్రి ఒంటిగంటప్పుడు ఎవరూ వాడకుండానే ట్యాంక్ దానంతటదే నిండుతున్న చప్పుడు వినిపిస్తే అడుగున లీకున్నట్టే. అనుమానమొస్తే బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, అరగంట ఫ్లష్ చేయకుండా ఆగాలి. కమోడ్‌లో నీలం కనిపిస్తే కిందికి కారుతోంది. ఏ భాగం చెడిందో తేల్చడానికి మరో పరీక్ష ఉంది. ట్యాంక్ నిండాక లోపలి గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి, యాంగిల్ కాక్ కట్టేసి అరగంట వదలాలి. మట్టం గీత కిందికి దిగితే అడుగునున్న సీల్ వైసర్ పోయింది. గీత దగ్గరే నిలబడితే అడుగు బాగానే ఉంది, నీళ్లు లోపలికి వదిలే ఫ్లోట్ వాల్వ్ కట్టుకోక మధ్య గొట్టంలోంచి పొర్లిపోతున్నాయి. ఈ పరీక్ష చేయకుండా షాపుకెళ్తే మొత్తం సెట్టు అంటగడతారు.

సీల్ అయితే: కాక్ కట్టి, ఫ్లష్ నొక్కి ట్యాంక్ ఖాళీ చేయాలి. పైన బటన్ ఉన్న మోడల్లో బటన్ చుట్టూ ఉన్న రింగు తిప్పితే మూత వస్తుంది. మధ్యలో నిలువుగా ఉన్న ఫ్లష్ వాల్వ్‌ని పట్టుకుని పావు చుట్టు ఎడమకి తిప్పి పైకి లాగితే చాలా మోడళ్లలో ఊడి వస్తుంది. దాని అడుగున చేతి గాజులా ఒక రబ్బరు రింగు ఉంటుంది. బొటనవేలితో చుట్టూ తడిమితే గాడి పడిన చోటు తెలుస్తుంది, లేదా ఉప్పు పొర గరగరమంటుంది. ఉప్పయితే కడిగితే చాలు. గాడి పడితే షాపు తెరిచేదాకా రింగుని తిరగేసి పెట్టి నెట్టుకురావచ్చు, వెనక ముఖం ఇంకా నునుపుగానే ఉంటుంది. రింగు కూర్చునే గట్టుని కూడా గుడ్డతో తుడవాలి. కొత్త రింగు వేసినా కారుతుందనేవాళ్లు వదిలేసేది ఈ తుడవడమే.

ఫ్లోట్ వాల్వ్ అయితే పై మూత తిప్పి తీసి లోపలి చిన్న రబ్బరు పొరను బయటికి తీయాలి. దానికి సూదిమొనంత బెజ్జం ఉంటుంది. అందులో నలక పడితే వాల్వ్ కట్టుకోదు. నీళ్ల కింద పెట్టి వేలితో నలిపితే పోతుంది, సూదితో పొడిస్తే బెజ్జం పెద్దదై ఆ పొర పనికిరాదు. చివరగా నీటిమట్టాన్ని పొర్లుగొట్టం అంచుకి రెండు మూడు సెంటీమీటర్లు కిందే ఆగేలా ఫ్లోట్ స్క్రూ తిప్పి పెట్టాలి. ట్యాంక్ గోడ లోపల దాగి ఉన్న రకమైతే ముందు ప్లేటు వరకే నేను విప్పుతాను. విడిభాగాలు కంపెనీని బట్టి మారతాయి, ఓనర్‌ని అడగాలి.

బాత్రూమ్ వాసనకి చాలాసార్లు మందు ఒక మగ్గు నీళ్లు. నేల మీది జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో నిలిచే నీళ్లే డ్రైనేజీ వాసనని ఆపే మూత. వాడని బాత్రూమ్‌లో అవి ఎండిపోతాయి. నీళ్లు దిగకపోతే జాలీ ఎత్తి జుట్టు తీయండి. సింక్‌కైతే కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ చేత్తో విప్పండి. పీవీసీ పైపులోకి సలసల మరిగే నీళ్లు పోస్తే పైపు మెత్తబడి అతుకు వదులుతుంది, వేడినీళ్లు చాలు.

కరెంటు దగ్గర నేను గీసుకున్న గీత ఇది: ఫ్యాన్ కండెన్సర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా), ప్లగ్గు, బల్బు, ఇంతవరకే నా పని. గోడలోకి వెళ్లేది ఏదైనా ఎలక్ట్రీషియన్‌దే. ఫుల్‌లో పెట్టినా ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నా, గుంయ్యిమంటూ కదలక చేత్తో నెడితే తిరిగినా కండెన్సర్ నీరసించినట్టు. ముందు పక్కగది ఫ్యాన్ కూడా నెమ్మదిగా ఉందేమో చూడండి, వేసవి సాయంత్రాల్లో వోల్టేజీయే తక్కువుండొచ్చు. గరగర శబ్దమైతే బేరింగ్, అది ఇంట్లో అయ్యేది కాదు. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఈ వైద్యం వర్తించదు.

స్విచ్ ఆపడం కాదు, మెయిన్ బోర్డులో ఆ లైన్‌ని ఆపే ఎంసీబీ దించాలి. స్విచ్‌ని పొరపాటున కరెంటు తిరిగివెళ్లే న్యూట్రల్ వైరు మీద కలిపి ఉంటే స్విచ్ ఆపినా ఫ్యాన్ దగ్గర కరెంటుంటుంది. టెస్టర్‌ని ముందు కరెంటున్న సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూసి, తర్వాత ఫ్యాన్ వైర్ల మీద పెట్టి, మళ్లీ సాకెట్లో పెట్టి చూస్తాను. మధ్యలో టెస్టరే పోయి ఉంటే చీకటిని నమ్మి చెయ్యి పెట్టేస్తాం. ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి చేయకండి, స్టూలు కావాలి, పట్టుకునే మనిషి కావాలి. ఫ్యాన్ పైన ఉండే గిన్నెలాంటి కప్పు దించితే తెల్లటి చిన్న డబ్బా, రెండు వైర్లు. ఫొటో తీసుకోవాలి. కరెంటు లేకున్నా అందులో చార్జి మిగిలి ఉండొచ్చు. పిడి బాగున్న స్క్రూడ్రైవర్ మొనతో రెండు కొసల్ని కలిపి వదలాలి. డబ్బా మీద చాలా సీలింగ్ ఫ్యాన్లకు 2.5 మైక్రోఫారడ్ అని ఉంటుంది, కొన్నిటికి 3.15. ఉన్న అంకెనే కొనాలి. "పెద్దది వేస్తే స్పీడు పెరుగుద్ది" అని షాపులో ఉచిత సలహా దొరుకుతుంది. వైండింగ్ వేడెక్కి కాలుతుంది, ఆ ఫ్యాన్ ఓనర్‌ది. కొత్తదాని వైర్లు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు వేసి కప్పు ఎక్కిస్తే పావుగంట పని.

గీజర్ ప్లగ్గు వేడెక్కడం తేలిగ్గా తీసుకునేది కాదు. 2,000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అడాప్టర్ పెట్టి దాన్ని 6 ఆంపియర్ల సాకెట్లో గుచ్చితే సాకెట్ మాడుతుంది, 16 ఆంపియర్లది కావాలి. సరైన సాకెట్లోనూ వేడెక్కితే ప్లగ్గు లోపలి స్క్రూ వదులై ఉంటుంది. ప్లగ్గు పీకేశాకే విప్పాలి. మాడిన వైరు కొసని కోసి, కొత్త ప్లగ్గులో పచ్చ వైరుని పెద్ద పిన్నుకి, ఎరుపు లేదా గోధుమ రంగుని ఎల్ అని రాసినచోట, నలుపు లేదా నీలాన్ని ఎన్ దగ్గర బిగించాలి. సాకెట్టే గోధుమ రంగుకి తిరిగి ఉంటే ముట్టుకోవద్దు. గీజర్ వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్) పడిపోతుంటే పదే పదే ఎత్తవద్దు. నీళ్లు కాచే ఎలిమెంట్ నుంచి కరెంటు బయటికి పాకుతోంది, అది చెబుతున్న మాటే వినాలి.

ఖర్చెవరిది అన్న పేచీ ఎప్పుడూ ఉండేదే. 2021 నాటి కేంద్ర మోడల్ టెనెన్సీ చట్టం రెండో షెడ్యూల్లో ఈ పంపకం ఉంది. గోడలు, వెల్ల, పైపుల మార్పు, వైరింగ్ ఓనర్ వంతు. నల్లా వైసర్లు, డ్రైన్ శుభ్రం, గీజర్, స్విచ్‌లు, తాళాలు, దోమల జాలీలు అద్దెదారు వంతు. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది కట్టిపడేస్తుంది గానీ, అగ్రిమెంట్ రాసేటప్పుడు ముందు పెట్టుకోవడానికి మంచి జాబితా. అగ్రిమెంట్‌లో వేరే మాట లేకపోతే 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ మరో దారి చూపుతుంది. ఓనర్ చేయించాల్సిన రిపేరు నోటీసిచ్చినా తగిన గడువులో చేయించకపోతే మనమే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చు. ఆచరణలో వాట్సాప్‌లో ఫొటో, ధర, "చేయించమంటారా అండీ" అన్న ఒక్క ప్రశ్న, దానికి "సరే" అన్న జవాబు. నాకు ఇంతవరకు అంతకుమించి అవసరం పడలేదు.

వానాకాలంలో తలుపు పట్టేస్తే వెంటనే చిత్రిక పట్టించకండి. జులైలో ఉబ్బిన చెక్కని గీకితే ఏప్రిల్‌లో సందు తేలుతుంది. ముందు పై మడతబందు స్క్రూలు చూడండి. సగం తలుపులు వదులై వాలి రాసుకుంటున్నవే. స్క్రూ బిగుసుకోక ఊరికే తిరుగుతుంటే, తలలు తీసేసిన అగ్గిపుల్లలు రెండు మూడు ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో దూర్చి, ఒక రాత్రి ఆగి మళ్లీ బిగించాలి. తాళం మొరాయిస్తే కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. పెన్సిల్ ముల్లు పొడి తాళంచెవి మీద రుద్ది నాలుగుసార్లు తిప్పితే చాలు.

ఖాళీ చేసే వారంలో గోడ బెజ్జాలు. ప్లాస్టిక్ ప్లగ్గుని లాగడానికి అందులో స్క్రూ సగం ఎక్కించి కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగాలి. రాకపోతే గోడ పైకి రాకుండా లోపలికి దిగ్గొట్టాలి. దుమ్ము ఊది, బెజ్జంలో నీళ్లు చిలకరించాలి. ప్లాస్టరింగ్ పొడిగా ఉంటే మనం పూడ్చే లప్పంలోని నీళ్లు లాగేస్తుంది, అప్పుడా లప్పం పొడిపొడిగా రాలుతుంది. మూడు చెంచాల వైట్ సిమెంట్ లప్పం పొడికి ఒక చెంచా నీళ్లు. ఒకేసారి నింపితే ఎండేసరికి కుంగి నడుమ గుంట పడుతుంది. ముప్పాతిక నింపి ఐదారు గంటలాగి మిగతాది నింపాలి. ఎండాక 220 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ చుక్క అద్దకపోతే రంగు ఆ చోట మాత్రం మసకగా పీల్చుకుంటుంది. టూత్‌పేస్ట్‌తో పూడ్చే చిట్కా నాకు నచ్చదు, అది కుంగుతుంది. రంగు అటక మీద పాత డబ్బా మూత మీది షేడ్ నంబరుతో కొన్నా, ఎండ తిన్న గోడ మీద అతుకు కనిపించక మానదు. ఆ గోడ వరకు మూల నుంచి మూలకి రోలర్ లాగడమే మార్గం. గోడకి చెమ్మ ఉంటే లప్పం జోలికే పోకండి. పై ఫ్లాట్ బాత్రూమ్ లీకేజీ ఆగేవరకు మీరు పూసింది పొక్కులై రాలుతుంది, చివరికి చెడ్డపేరు మీకొస్తుంది.

ఆఖరి రోజు మన సొంత షవరో, హెల్త్ ఫాసెటో (కమోడ్ పక్కన ఉండే చేతి స్ప్రే) విప్పుకుని ఓనర్ పాతది బిగిస్తాం. ఏడాదిగా అటక మీద ఉన్న దాని రబ్బరు వైసర్ ఎండి రాయిలా ఉంటుంది. కొత్త వైసర్ వేసి, కాక్ తెరిచి, కింద పొడి కాగితం పరిచి పదిహేను నిమిషాలాగి, కాగితం తడవలేదని చూసుకున్నాకే తాళాలిచ్చి రండి.